పంటి ఎక్స్‌రే చూసి అర్థం చేసుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్స్‌రే తీశాక డాక్టర్ స్క్రీన్ మీద చూపించి "ఇదిగో ఇక్కడ చూడండి" అంటారు, మనం తలూపేస్తాం, కానీ అక్కడ ఏం కనిపించిందో చాలామందికి అర్థం కాదు. పళ్ళ డాక్టర్‌గా నన్ను పేషెంట్లు, కొత్తగా చదువుకుంటున్న పిల్లలు ఎక్కువగా అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. ఇది చదివి మీ వైద్యం మీరే చేసుకోమని కాదు, డాక్టర్ చెప్పేది అర్థమై ఇంకో ప్రశ్న అడగగలిగితే నాకు అదే చాలు.

ఎక్స్‌రేలో తెల్లగా ఉన్నదేంటి, నల్లగా ఉన్నదేంటి?

ఎక్స్‌రే అంటే ఫొటో కాదు, నీడ. కిరణాలు పన్ను గుండా పోయి అవతల పెట్టిన ఫిల్మ్ మీదో సెన్సార్ మీదో పడతాయి. దారిలో గట్టి పదార్థం ఉంటే కిరణాలు ఆగిపోతాయి, అక్కడ తెల్లగా వస్తుంది, మెత్తగానో ఖాళీగానో ఉంటే దాటిపోతాయి, అక్కడ నల్లగా వస్తుంది. అందుకే మెటల్ క్యాప్ తెల్లగా మెరిసిపోతుంది, దాని తర్వాత ఎనామిల్ అంటే పన్ను గట్టి పైపొర, ఆ తర్వాత దాని లోపలి పొర డెంటిన్, ఎముక కాస్త బూడిద రంగులో ఉంటాయి, పల్ప్ అంటే మనం నరం అనేది నల్లటి గీతలా ఉంటుంది. మందం కూడా లెక్కలోకి వస్తుంది, ఒకే పదార్థం మందంగా ఉన్నచోట తెల్లగా, పల్చగా ఉన్నచోట నల్లగా కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కింద చెప్పేవి సగం వాటంతట అవే అర్థమవుతాయి.

ఇంకో సంగతి, పొడుగు, వెడల్పు, లోతు మూడూ ఉన్న పన్నుని ఒక చదును బొమ్మగా నొక్కేశాం కాబట్టి ముందున్నదీ వెనకున్నదీ ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. బుగ్గ వైపు ఉన్న మచ్చ, నాలుక వైపు ఉన్న మచ్చ ఒక్క ఎక్స్‌రేలో ఒకేలా ఉంటాయి. ఏది ఎటువైపో తెలియాలంటే ట్యూబ్‌ని, అంటే కిరణాలు వచ్చే గొట్టాన్ని, కొంచెం పక్కకి జరిపి ఇంకోటి తీస్తారు, ట్యూబ్ జరిగిన వైపే జరిగినట్టు కనిపిస్తే అది నాలుక వైపు ఉన్నట్టు, ఎదురు వైపు జరిగితే బుగ్గ వైపు ఉన్నట్టు.

బొమ్మలో కుడి ఎడమలు ఎలా తెలుస్తాయి? 36, 46 అని రాస్తారు, అవేంటి?

పేషెంట్ మీ ఎదురుగా కూర్చుని మిమ్మల్ని చూస్తున్నట్టు ఊహించుకోండి. బొమ్మలో మీ ఎడమ చేతి వైపున్నది పేషెంట్ కుడి వైపు. చాలామంది ఇక్కడే తడబడతారు.

నంబర్ విషయానికొస్తే నోటిని నాలుగు భాగాలు చేస్తారు, పై కుడి 1, పై ఎడమ 2, కింద ఎడమ 3, కింద కుడి 4. ఇది మొదటి అంకె. రెండోది మధ్య గీత నుంచి లెక్కపెడితే ఆ పన్ను ఎన్నోదో చెప్తుంది, కాబట్టి 36 అంటే కింద ఎడమ వైపు ఆరో పన్ను, పెద్ద దవడ పన్ను. పాల పళ్ళకైతే మొదటి అంకె 5 నుంచి 8 దాకా ఉంటుంది. అమెరికాలో మాత్రం 1 నుంచి 32 దాకా వరసగా లెక్కపెడతారు, కాబట్టి అక్కడి రిపోర్ట్ చేతిలో ఉంటే ఈ లెక్క పనికిరాదు.

చిన్న ఎక్స్‌రే, బైట్‌వింగ్, ఓపీజీ... వీటిలో ఏది దేనికి?

చిన్నది, అంటే ఐఓపీఏ అనేది, ఒకటి రెండు పళ్ళని వేరు చివర దాకా, దాని కింద ఎముకతో సహా చూపిస్తుంది. రూట్ కెనాల్‌కి, నొప్పికి ఇదే వాడతారు. బైట్‌వింగ్‌లో పై పళ్ళూ కింద పళ్ళూ కొరికి పట్టుకున్నట్టు వస్తాయి, వేరు చివర కనిపించదు కానీ రెండు పళ్ళ మధ్య సందులో దాక్కున్న పుచ్చుకి దీన్ని మించింది లేదు. 1925లో హోవార్డ్ రేపర్ తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ దాని చోటు దానిదే.

ఓపీజీ అంటే మొత్తం రెండు దవడలూ ఒకే బొమ్మలో. జ్ఞానదంతాలు, పుట్టని పళ్ళు, దవడలో గడ్డలు, విరిగిన దవడ చూడటానికి బాగుంటుంది. కానీ చిన్న పుచ్చు పట్టుకోవాలంటే ఓపీజీ సరిపోదు, అందులో వివరం తక్కువ, పైగా అసలు సైజు కంటే పెద్దగా చూపిస్తుంది. "ఓపీజీ తీశారు కదా, మళ్ళీ చిన్నది ఎందుకు" అని చాలామంది డౌట్ పడతారు, కారణం ఇదే.

తీసిన ఎక్స్‌రే సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చెప్పాలి?

రోగం వెతకడానికి ముందు ఈ ప్రశ్న వేసుకోవాలని నేను గట్టిగా నమ్ముతా. సరిగ్గా రాని బొమ్మ మీద ఎంత సేపు ఆలోచించినా తప్పే వస్తుంది. కావాల్సిన పన్ను మొత్తం ఉందా, వేరు చివర దాటి ఒక రెండు మూడు మిల్లీమీటర్ల ఎముక కూడా కనిపిస్తోందా చూడండి. ట్యూబ్ కోణం తక్కువైతే పన్ను సాగినట్టు పొడుగ్గా వస్తుంది, ఎక్కువైతే పొట్టిగా కుంచించుకుపోతుంది. పక్కపక్క పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కేసినట్టుంటే ట్యూబ్ అడ్డంగా తప్పు కోణంలో ఉందన్నమాట, ఆ సందుల్లో పుచ్చు ఉందో లేదో చెప్పలేం. మూలన గుండ్రంగా కోసేసినట్టు బొమ్మ లేకుండా ఉంటే కిరణం అక్కడ పడలేదు. ఓపీజీలో అయితే చెవి కమ్మలు తియ్యకపోతే వాటి దెయ్యం నీడ అవతల వైపు, కొంచెం పైన, మసకగా పడుతుంది, దాన్ని చూసి ఏదో గడ్డ అనుకుని భయపడిన వాళ్ళున్నారు. నాలుక అంగిలికి ఆనించకపోతే పై పళ్ళ వేర్ల మీద నల్లటి పట్టీ పడుతుంది, అది గాలి అంతే.

ఆరోగ్యంగా ఉన్న పన్ను ఎలా కనిపిస్తుంది?

ఇది అడిగేవాళ్ళు తక్కువ, కానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, బాగున్నదేదో తెలియకుండా బాగాలేనిది ఎలా దొరుకుతుంది.

పైన టోపీలా తెల్లటి ఎనామిల్, అది మెడ దగ్గర సన్నబడి ఆగిపోతుంది. లోపల బూడిద రంగు డెంటిన్. మధ్యలో నల్లటి పల్ప్ గది, దాన్నుంచి వేర్లలోకి సన్నటి గీతలు. వయసు పెరిగే కొద్దీ ఈ గది చిన్నదవుతుంది, పెద్దవాళ్ళలో దాదాపు కనిపించకపోయినా రోగం అనుకోకూడదు. వేరు చుట్టూ వెంట్రుకంత సన్నటి నల్ల గీత ఉంటుంది, అది పన్నుని ఎముకకి కట్టిపడేసే లిగమెంట్ ఉండే చోటు. ఆ గీతకి బయట ఇంకో సన్నటి తెల్ల గీత, దాన్ని లామినా డ్యూరా అంటారు, పన్ను కూర్చున్న గుంటకి గోడ. ఈ రెండు గీతల్ని వేరు ఒక పక్క నుంచి మొదలెట్టి చివర చుట్టి అవతలి పక్క దాకా కంటితో తడుముకుంటూ వెళ్ళాలి, ఎక్కడా తెగకుండా, ఎక్కడా వెడల్పవకుండా ఉంటే మంచి గుర్తు. ఎముక లోపలంతా జల్లెడలా ఉంటుంది, పై దవడలో ఆ కన్నాలు చిన్నవిగా దట్టంగా, కింద దవడలో పెద్దవిగా అడ్డగీతల్లా ఉంటాయి.

పై దవడ పళ్ళ వేర్ల దగ్గర పెద్ద నల్లటి ఖాళీ, దాని అంచున తెల్ల గీత కనిపిస్తే కంగారు పడొద్దు, అది సైనస్, ముక్కు పక్కన గాలి ఉండే గది. పై ముందు పళ్ళ మధ్యలో గుండ్రటి నల్ల మచ్చ కూడా చాలాసార్లు నరం వెళ్ళే దారే.

పుచ్చు ఎక్స్‌రేలో ఎలా ఉంటుంది?

పుచ్చిన చోట ఖనిజం కరిగిపోతుంది కాబట్టి నల్లగా వస్తుంది. రెండు పళ్ళ సందులో అయితే పళ్ళు తాకే చోటుకి కాస్త కిందగా ఎనామిల్‌లో చిన్న త్రికోణంలా మొదలవుతుంది, వెడల్పు బయటికి, కొన లోపలికి. డెంటిన్ తగిలాక అక్కడ పక్కలకి పాకి ఇంకో త్రికోణం, దాని కొన నరం వైపు తిరిగి ఉంటుంది.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఖనిజం దాదాపు 30 నుంచి 40 శాతం పోతే గానీ ఎక్స్‌రేలో తేడా కనిపించదు. అంటే బొమ్మలో కనిపించే దానికంటే అసలు పుచ్చు ఎప్పుడూ కొంచెం లోతుగానే ఉంటుంది. నమిలే పై భాగంలో మొదలైన పుచ్చయితే మరీ మోసం, అటూ ఇటూ మందంగా ఎనామిల్ ఉంటుంది కదా, ఆ తెలుపులో చిన్న నలుపు కలిసిపోతుంది, డెంటిన్‌లోకి దిగాక గానీ బయటపడదు. అందుకే నమిలే భాగానికి మంచి లైట్‌లో పన్నుని ఆరబెట్టి కంటితో చూడటమే మేలు, సందులకి మాత్రం బైట్‌వింగ్. ఇంకా ఎనామిల్ దాటని చిన్న నీడ కనిపించగానే డ్రిల్లింగ్ చెయ్యక్కర్లేదు, చాలాసార్లు ఫ్లోరైడ్ పెట్టి, శుభ్రం నేర్పించి, కొన్నాళ్ళయ్యాక మళ్ళీ తీసి పోల్చి చూస్తారు.

నల్లగా ఉన్నదంతా పుచ్చేనా?

కాదు, కొత్తవాళ్ళు ఎక్కువగా పడే గొయ్యి ఇదే. పన్ను మెడ దగ్గర పైన ఎనామిల్, కింద ఎముక రెండూ తెల్లగా ఉంటాయి, మధ్యలో ఉన్న కాస్త చోటు పల్చన కాబట్టి పక్కవాటి వల్ల నల్లగా కనిపిస్తుంది. దీన్ని సర్వైకల్ బర్న్‌అవుట్ అంటారు. అంచులు తేలిపోయినట్టుండి, కోణం మార్చి తీస్తే మాయమైతే అది పుచ్చు కాదు. నిజమైన పుచ్చు కోణం మార్చినా అక్కడే ఉంటుంది, పరికరంతో తడిమితే మెత్తగా తగులుతుంది. అలాగే ఎనామిల్, డెంటిన్ కలిసే గీత దగ్గర మన కన్నే లేని నల్ల గీతని కల్పిస్తుంది, తెల్ల భాగాన్ని కాగితంతో మూసి చూడండి, గీత పోతే అది కంటి భ్రమ. కొన్ని పాత తెల్ల ఫిల్లింగులు కూడా నల్లగానే వస్తాయి, వాటి అంచు మాత్రం పరికరంతో చెక్కినట్టు తీరుగా ఉంటుంది.

వేరు చివర నల్ల మచ్చ ఉందన్నారు, చీము పట్టినట్టేనా?

చాలాసార్లు ఇన్ఫెక్షనే, కానీ ప్రతిసారీ చీము అని కాదు, నరం చచ్చిపోయి ఇన్ఫెక్షన్ వేరు చివర నుంచి ఎముకలోకి దిగితే అక్కడ ఎముక కరిగి నల్లగా వస్తుంది. మొదట లిగమెంట్ గీత వెడల్పవుతుంది, తర్వాత లామినా డ్యూరా తెగుతుంది, ఆ తర్వాత గుండ్రటి మచ్చ. అది గ్రాన్యులోమానా (వాచిన కండ ముద్ద), సిస్టా (నీటి సంచి), చీము గడ్డా అన్నది ఎక్స్‌రే చూసి కచ్చితంగా చెప్పలేం, మైక్రోస్కోప్ కింద పెడితేనే తేలుతుంది. పెద్దగా ఉండి చుట్టూ తెల్ల అంచుంటే సిస్ట్ అని అనుమానిస్తాం, అంతవరకే.

కానీ అన్నీ అలా కాదు. నేను కొత్తగా ప్రాక్టీస్ మొదలెట్టిన రోజుల్లో ఒక పెద్దాయన కింద వైపు నొప్పితో వచ్చారు, ఎక్స్‌రేలో 35 వేరు చివర చక్కగా గుండ్రటి నల్ల మచ్చ, ఇంకేముంది రూట్ కెనాల్ అనుకుని ఇంజెక్షన్ కూడా సిద్ధం చేసుకున్నా. మా సీనియర్ మేడమ్ చూసి "ముందు చల్లటి టెస్ట్ చేశావా?" అని ఒక్క మాట అడిగారు. చేస్తే ఆ పన్ను నరం బ్రహ్మాండంగా ఉంది. ట్యూబ్ కొంచెం పక్కకి జరిపి మళ్ళీ తీస్తే ఆ మచ్చ వేరు చివర నుంచి పక్కకి జరిగిపోయింది, లామినా డ్యూరా చెక్కుచెదరకుండా ఉంది. అది మెంటల్ ఫొరామెన్, పెదవికీ గడ్డానికీ వెళ్ళే నరం బయటికొచ్చే కన్నం, అందరికీ ఉండేదే. నొప్పి అసలు పక్కనున్న 36 నుంచి వస్తోంది. బాగున్న పన్నుకి కన్నం పెట్టేసేదాన్ని ఆరోజు. అప్పట్నుంచి వేరు చివర నలుపు చూసి పరీక్ష చెయ్యకుండా నేను ఒక్క పన్నూ ముట్టుకోలేదు.

ఇలాంటిదే ఇంకోటి, కింద ముందు పళ్ళ వేర్ల చివర నల్ల మచ్చలు, పళ్ళేమో పుచ్చులేదు, దెబ్బలేదు, నరం బాగుంది. ఇది సిమెంటో ఆసియస్ డిస్‌ప్లేసియా అనే ఎముక మార్పు మొదటి దశ కావచ్చు, ఎక్కువగా నడివయసు ఆడవాళ్ళలో చూస్తాం, పోను పోను అదే తెల్లబడుతుంది. సాధారణంగా దానికి వైద్యమే అక్కర్లేదు.

నొప్పి ప్రాణం తీస్తోంది, ఎక్స్‌రేలో మాత్రం ఏం లేదన్నారు. ఎలా?

పూర్తిగా సాధ్యమే. నరం వాచినా, ఇన్ఫెక్షన్ మొదలైనా ఎముక కరగడానికి టైమ్ పడుతుంది, అప్పటిదాకా బొమ్మ క్లీన్‌గానే ఉంటుంది. పైగా లోపలి జల్లెడ ఎముకలో మాత్రమే పాడైతే చాలాసార్లు కనిపించదు, బయటి గట్టి పొర దాకా వచ్చాకే స్పష్టంగా నల్లబడుతుంది. కాబట్టి ఎక్స్‌రే బాగుంది కనుక నొప్పి అబద్ధం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తట్టి చూడటం, చల్లటి టెస్ట్, కొరికించి చూడటం ఇవన్నీ చెయ్యమని అడగండి. ఒక్కోసారి పై దవడ నొప్పి సైనస్ వల్ల కూడా వస్తుంది.

చిగుళ్ళ జబ్బు ఎక్స్‌రేలో తెలుస్తుందా?

చిగురు కనిపించదు, దాని కింద ఎముక కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉంటే ఎముక అంచు, ఎనామిల్ ఆగిపోయే చోటుకి ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల కిందే ఉంటుంది. అంతకంటే దిగిపోతే ఎముక పోయినట్టు. వరసగా అన్ని పళ్ళ దగ్గరా సమానంగా దిగితే ఒక రకం, ఒక పన్ను పక్కనే బావిలా లోతుగా దిగితే ఇంకో రకం, రెండోదానికి వైద్యం వేరుగా ఉంటుంది. దవడ పళ్ళ వేర్లు చీలే చోట నల్లగా ఉంటే జబ్బు బాగా ముదిరిందని. పళ్ళ పక్కన ముల్లులా పొడుచుకొచ్చిన తెల్లటిది గార.

ఎక్స్‌రే జరిగిపోయిన నష్టం చూపిస్తుంది, ఇప్పుడు జబ్బు నడుస్తోందో ఆగిపోయిందో చెప్పదు, దానికి ప్రోబ్‌తో చిగురు లోతు కొలవాలి, రక్తం వస్తోందా చూడాలి.

రూట్ కెనాల్ అయిన పన్నుని ఎలా చూడాలి?

వేరు లోపల తెల్లటి గీతలు కనిపిస్తాయి, అది గట్టపర్చా అనే పదార్థం. మధ్యలో నల్లటి ఖాళీలు లేకుండా వేరు చివరకి అర నుంచి రెండు మిల్లీమీటర్ల ముందు ఆగితే బాగా నిండినట్టు. ముందే ఆగిపోయినా, చివర దాటి బయటికొచ్చినా డాక్టర్‌ని అడగండి, కానీ ఆ ఒక్క కారణంతో ఫెయిలైందని తేల్చెయ్యకండి. వేరు చివర ఉన్న నల్ల మచ్చ వెంటనే పోదు, నెలలు పడుతుంది, కొన్నిటికి ఏళ్ళు. ఏడాదికి చిన్నదవుతూ వస్తుంటే మానుతున్నట్టే, పెద్దదవుతుంటేనే ఆలోచించాలి. అందుకే పాత ఎక్స్‌రేలు పారెయ్యొద్దని నేను అందరికీ చెప్తా, పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తెలిసేది ఒక్కదాంట్లో తెలియదు.

జ్ఞానదంతం ఎక్స్‌రేలో ఏం చూడాలి?

పన్ను ఏ వైపు ఒరిగింది, ముందు పన్నుని నొక్కుతోందా, ఆ నొక్కిన చోట పుచ్చు గానీ ఎముక పోవడం గానీ ఉందా. కింద దవడలో అయితే నరం వెళ్ళే కాలువ ముఖ్యం, రెండు తెల్ల గీతల మధ్య నల్ల పట్టీలా ఉంటుంది. వేరు దాన్ని దాటే చోట వేరు నల్లబడినా, కాలువ తెల్ల గీత తెగినా, కాలువ వంకర తిరిగినా రెండూ బాగా దగ్గరగా ఉండొచ్చని అర్థం, తీసేటప్పుడు పెదవి తిమ్మిరెక్కే రిస్క్ పెరుగుతుంది. అలాంటప్పుడే సీబీసీటీ, అంటే త్రీడీ స్కాన్, పనికొస్తుంది.

పిల్లల ఎక్స్‌రే చూస్తే భయమేస్తోంది, దవడ నిండా పళ్ళే ఉన్నాయేంటి?

పాల పళ్ళు 20, వాటి కింద రాబోయే పళ్ళు, అన్నీ ఒకే బొమ్మలో ఉంటే అలాగే ఉంటుంది. తయారవుతున్న పన్ను చుట్టూ గుండ్రటి నల్ల సంచి, దానికి సన్నటి తెల్ల అంచు, అది సిస్ట్ కాదు. పాల పళ్ళ వేర్లు కరిగిపోతూ కనిపించడం కూడా సహజమే, అలా కరిగితేనే కదా ఊడేది. ఆరేళ్ళకి వచ్చే పెద్ద దవడ పన్ను వేరు చివర పూర్తిగా మూసుకోవడానికి వచ్చాక ఇంకో మూడేళ్ళు పడుతుంది, అప్పటిదాకా చివర తెరిచే ఉండి నల్లగా కనిపిస్తుంది, చీము పట్టిందనుకోవద్దు. పాల దవడ పళ్ళలో ఇన్ఫెక్షన్ మాత్రం వేరు చివర కంటే ఎక్కువగా వేర్లు చీలే చోట కనిపిస్తుంది, అక్కడ చూడండి.

పన్ను పగిలితే ఎక్స్‌రేలో కనిపిస్తుందా?

చాలాసార్లు కనిపించదు. కిరణం సరిగ్గా పగులు వెంట వెళ్తేనే నల్ల గీత పడుతుంది. నిలువుగా చీలిన వేరు పక్కన కొడవలిలా వంగిన నల్లటి నీడ ఒక్కటే గుర్తు కావచ్చు, అదీ ఆలస్యంగా.

ఇన్నిసార్లు ఎక్స్‌రే తీస్తే రేడియేషన్ ప్రమాదం లేదా?

1896లో ఒట్టో వాల్కాఫ్ తన పళ్ళకే మొదటి ఎక్స్‌రే తీసుకున్నప్పుడు 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సొచ్చింది, ఇప్పుడు సెకనులో చిన్న వంతు చాలు. ఒక చిన్న డిజిటల్ ఎక్స్‌రే డోస్ కొన్ని మైక్రోసీవర్ట్‌లు (రేడియేషన్ కొలత ఇది, వెయ్యి కలిస్తే ఒక మిల్లీసీవర్ట్), ఓపీజీ అయితే పది నుంచి ముప్పై లోపు ఉంటుంది. మనకి నేల నుంచీ ఆకాశం నుంచీ సహజంగా వచ్చేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు, అంటే రోజుకి ఆరేడు మైక్రోసీవర్ట్‌లు. అలాగని ఊరికే తీయించుకోమని కాదు, ప్రతి ఎక్స్‌రేకీ ఒక కారణం ఉండాలి, ఆ కారణం అడిగే హక్కు మీకుంది. సీసం ఏప్రన్ వెయ్యలేదని కంగారు పడేవాళ్ళకి ఒక మాట, 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఏప్రన్, మెడ కాలర్ ఇక అక్కర్లేదని చెప్పింది, కిరణం ఇప్పుడు బాగా ఇరుకుగా పడుతుంది, పైగా కాలర్ అడ్డొస్తే మళ్ళీ తీయాల్సొస్తుంది. కొన్నిచోట్ల రూల్ ప్రకారం ఇంకా వేస్తారు, అది వేరే సంగతి. గర్భంతో ఉంటే మాత్రం ముందే చెప్పండి.

ఏ వరసలో చూస్తే ఏదీ తప్పిపోదు?

ఎవరికి అలవాటైన వరస వాళ్ళది, కానీ ఏదో ఒక వరస ఉండాలి. నేనైతే నొప్పి చెప్పిన పన్నుని ఆఖర్న చూస్తా, మొదటే చూస్తే కన్ను అక్కడే ఆగిపోయి మిగతాది వదిలేస్తుంది. ముందు ఎముక అంతా, మూలలతో సహా, తర్వాత ఎముక అంచు, తర్వాత ఒక్కో పన్ను చొప్పున ఎనామిల్, డెంటిన్, పల్ప్, వేరు, దాని చుట్టూ రెండు గీతలు, ఆ తర్వాత పాత ఫిల్లింగుల అంచులు. గదిలో లైట్ తగ్గించి, స్క్రీన్ పెద్దది చేసుకుని చూడండి, ఫోన్‌లో వాట్సాప్ చేసిన ఎక్స్‌రే పంపి "ఏమైంది మేడమ్" అంటే నేను ఏమీ చెప్పను, ఫొటోని ఫొటో తీసేసరికి ఆ సన్నటి గీతలే ముందు పోతాయి. ఒరిజినల్ ఫైల్ అడిగి తెచ్చుకోండి, పాతది ఉంటే అదీ తేండి.